మిల్లు ఆగినా జీతం ఆపని మేనేజరు: రాబర్ట్ ఓవెన్

ఈసారి వార్షిక పుస్తకానికి ఎవరైనా పెద్దమనిషి జీవితం గురించి రాసిమ్మని సంఘం అన్నలు అడిగారు. మేము ముందు మన పెద్దల పేర్లే అనుకున్నాం. కానీ వాళ్ల గురించి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మాకు మటుకు పొద్దున సైటులో కాలు పెట్టగానే గుర్తొచ్చే మనిషి ఇంకొకరున్నారు. మన దేశం వాడు కాదు, మన బిల్డింగు పని వాడూ కాదు. నూలు మిల్లు మేనేజరు. పేరు రాబర్ట్ ఓవెన్. చనిపోయి 160 ఏళ్లు దాటింది.

డిప్లొమా చదివిన తమ్ముళ్లకు ఈ పేరు ఎక్కడో విన్నట్టుంటుంది. మేనేజ్‌మెంట్ సబ్జెక్టులో ఒక్క లైను వస్తుంది, పర్సనల్ మేనేజ్‌మెంట్‌కు పితామహుడు అని. రెండు మార్కుల ప్రశ్న. మేమూ బట్టీ పట్టి రాసి, మార్కులు తెచ్చుకుని మర్చిపోయాం. మళ్లీ గుర్తు రావడానికి ఒక కారణం ఉంది, అది చెప్పకుండా ఈ కథ చెప్పలేం.

రెండేళ్ల కింద ఆగస్టులో మా గ్యాంగులో షట్టరింగ్ కార్పెంటరు ఒకతను, నిర్మల్ దిక్కు మనిషి, మూడు రోజులు జ్వరంతోనే పనికొచ్చాడు. చెబితే ఆబ్సెంటు వేస్తారని, ఆ రోజు కూలీ పోతుందని, దాంతో ఓటీ కూడా పోతుందని ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు స్లాబు మీద కూలబడ్డాడు. అంచు దగ్గర కాదు కాబట్టి బతికాడు. ఆ మూడు రోజుల టైమ్‌షీట్ మీద ఉన్న సంతకం మాదే. రోజూ పొద్దున తలకాయలు లెక్కబెట్టాం గానీ ఒక్క మొహం కూడా సరిగ్గా చూడలేదు. యూఏఈ చట్టంలో ప్రొబేషన్ దాటిన వాళ్లకు డాక్టరు చీటీ మీద ఏడాదిలో మొదటి 15 రోజులు పూర్తి జీతంతో జబ్బు సెలవు ఉంది. అది అతనికి తెలీదు. మాకు తెలుసు, చెప్పలేదు. తెలిసీ చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు.

దవాఖాన నుంచి వచ్చాక మేము ముగ్గురు సూపర్‌వైజర్లం చాలా రాత్రులు క్యాంపులో కూర్చుని దీని గురించే మాట్లాడుకున్నాం. పనివాళ్లను బాగా చూసుకుంటూ, పని కూడా బాగా తీయించిన వాళ్లు లోకంలో అసలు ఎవరైనా ఉన్నారా అని వెతికాం. అట్లా దొరికాడు ఓవెన్. రాసేది ఒకరమైనా చదివింది ముగ్గురం, అందుకే మేము అంటున్నాం.

ఓవెన్ 1771 మే 14న వేల్స్ దేశంలో న్యూటౌన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు, ఇనుప సామాన్ల అంగడి ఉండేది, ఊరి పోస్టు పని కూడా ఆయనే చూసేవాడు. ఏడుగురు పిల్లల్లో ఓవెన్ ఆరోవాడు. బడికి అందరికన్నా ముందు చేరాలన్న ఆత్రంలో ఒకరోజు కాగే జావ గబగబా మింగేసి స్పృహ తప్పి పడిపోయాడట. కడుపు పాడయ్యింది. అప్పట్నుంచి ఏం తిన్నా చూసుకుని తినాల్సి వచ్చింది, దాంతోనే ప్రతి చిన్న విషయాన్నీ గమనించే అలవాటు పడిందని ముసలితనంలో రాసుకున్న తన జీవిత కథలో చెప్పాడు.

పదేళ్లకే ఊరు వదిలాడు. లండన్‌లో ఉన్న అన్న దగ్గరికి పోయి, అక్కడి నుంచి స్టాంఫర్డ్ అనే ఊళ్లో ఒక బట్టల దుకాణంలో పని నేర్చుకోవడానికి చేరాడు. ఆ యజమాని మెక్‌గఫాగ్ నెమ్మది మనిషి. కొనేవాళ్లతో నిజం చెప్పేవాడు, పనికుర్రాడిని ఇంట్లో పుస్తకాలు చదువుకోనిచ్చాడు. తర్వాత లండన్ బ్రిడ్జి దగ్గర పెద్ద దుకాణం. అక్కడ సీజన్లో రాత్రి చాలా పొద్దుపోయేదాకా కొనేవాళ్లు, వాళ్లు వెళ్లాక గుట్టలుగా పడ్డ బట్టలన్నీ మడతపెట్టి సర్దేసరికి అర్ధరాత్రి దాటి రెండు అయ్యేది. పడుకోవడానికి మేడ మీదికి పోవాలంటే మెట్ల కమ్మీ పట్టుకుని ఈడ్చుకుంటూ ఎక్కేవాడు. పన్నెండు గంటల డ్యూటీ, దాని మీద ఓటీ చేసి బస్సు దిగి క్యాంపు మూడో అంతస్తు ఎక్కే తమ్ముళ్లకు ఈ ముక్క వేరే వివరించక్కర్లేదు.

అక్కడి నుంచి మాంచెస్టర్. అప్పుడు మాంచెస్టర్ అంటే మనకు దుబాయ్ లాంటిది. ఎక్కడ చూసినా కొత్త మిల్లులు, కొత్త మిషన్లు, ఊళ్ల నుంచి వచ్చిపడే జనం. పద్దెనిమిదేళ్లప్పుడు అన్న దగ్గర 100 పౌండ్లు అప్పు తెచ్చి, ఇంకొకతనితో కలిసి నూలు వడికే మిషన్లు తయారుచేసే షెడ్డు పెట్టాడు. ఇరవై ఏళ్లకు డ్రింక్‌వాటర్ అనే పెద్ద షావుకారు మిల్లుకు మేనేజరయ్యాడు. ఉద్యోగం అడగడానికి పోతే ఆ షావుకారు ముందు వయసు అడిగాడు, వారానికి ఎన్నిసార్లు తాగుతావని అడిగాడు. జీతం ఎంత కావాలంటే ఓవెన్ ఏడాదికి 300 పౌండ్లన్నాడు. అప్పటికి అది చాలా పెద్ద మొత్తం. షావుకారు బిత్తరపోయాడు గానీ ఇతని షెడ్డు లెక్కలు చూశాక ఒప్పుకున్నాడు.

ఇక్కడ సూపర్‌వైజర్లు ఆగి చదవాలి. చేరిన రోజు పాత మేనేజరు లేడు, అప్పటికే వెళ్లిపోయాడు. హ్యాండోవర్ లేదు, డ్రాయింగులు వివరించేవాడు లేడు, 500 మంది పనివాళ్లు మాత్రం ఉన్నారు. ఇరవై ఏళ్ల పిల్లగాడు అప్పుడేం చేశాడంటే, ఆరు వారాల పాటు ఒక్క ఆర్డరూ వేయలేదు. పొద్దున అందరికన్నా ముందు వచ్చేవాడు, రాత్రి తనే తాళం వేసి వెళ్లేవాడు. మధ్యలో అంతా తిరిగి చూసేవాడు. ఎవరేమడిగినా అవును, కాదు అని మాత్రమే చెప్పేవాడు. ఆరు వారాలయ్యాక ఏ మిషన్ దగ్గర ఏం జరుగుతుందో, ఏ మనిషి ఎట్లాంటివాడో ఆయనకు తెలిసిపోయింది. మేము కొత్త సైటుకు పోయిన మొదటి గంటలోనే అరవడం మొదలుపెట్టేవాళ్లం. అట్లా అరిస్తేనే భయం ఉంటుందని మాకు మా పెద్ద ఫోర్‌మన్లు నేర్పారు.

ఆ మిల్లులో తనకు వాటా ఇస్తానని రాసిచ్చిన ఒప్పందం నుంచి షావుకారు తర్వాత వెనక్కి తగ్గాడు. ఎంత జీతమైనా ఇస్తా, ఉండిపొమ్మన్నాడు. ఓవెన్ ఆ కాగితాన్ని పొయ్యిలో వేసి బయటికొచ్చేశాడు. కొంతమంది భాగస్వాములతో వేరే కంపెనీ పెట్టుకున్నాడు.

వ్యాపారం పని మీద గ్లాస్గో వెళ్లినప్పుడు కరొలిన్ అనే అమ్మాయి పరిచయమైంది. ఆమె తండ్రి డేవిడ్ డేల్, స్కాట్లండ్‌లో పేరున్న వ్యాపారి. క్లైడ్ నది ఒడ్డున, జలపాతాల కింద, న్యూ లానార్క్ అనే చోట ఆయనకు నీటి బలంతో నడిచే నూలు మిల్లులున్నాయి. ఓవెన్, భాగస్వాములు కలిసి 1799లో ఆ మిల్లులను 60,000 పౌండ్లకు, ఇరవై ఏళ్ల వాయిదాల మీద కొన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో పెళ్లి. 1800 జనవరి 1న మిల్లు బాధ్యత తీసుకున్నాడు.

న్యూ లానార్క్ ఎట్లా ఉండేదో చదువుతుంటే మాకు మన క్యాంపే కళ్ల ముందు కనిపించింది. మిల్లు కంపెనీదే, ఇళ్లు కంపెనీవే, దుకాణం దగ్గర అప్పు, చుట్టూ వేరే ఊరు లేదు. రెండు వేల మంది జనం. పై కొండల నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లు చాలామంది, వాళ్లకు వేరే భాష. ఎడిన్‌బరో, గ్లాస్గో అనాథ శరణాలయాల నుంచి తెచ్చిన పిల్లలే ఐదు వందల మంది, ఐదారేళ్ల నుంచి మొదలు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా పని, ఆ తర్వాత చదువు. నిలబడి నిలబడి అలిసిన పిల్లలు అక్షరాల ముందు నిద్రపోయేవారు. డేవిడ్ డేల్ చెడ్డవాడేమీ కాదు, ఆ రోజుల్లో మిగతా యజమానుల కన్నా నయం, పిల్లలకు తిండీ బట్టా బాగానే పెట్టాడు. అయినా పరిస్థితి అది. పెద్దవాళ్లలో తాగుడు, మిల్లు సామాను దొంగతనం, ఒకరితో ఒకరికి కొట్లాటలు మామూలు.

పైగా ఓవెన్ వేల్స్ వాడు, వీళ్లు స్కాట్లండ్ వాళ్లు. యాస వేరు. ఎవడో పరాయివాడు మన నెత్తుటిని ఇంకా పిండడానికి వచ్చాడనే అనుకున్నారు. ఇంగ్లిషు ఇంజినీరు, ఫిలిప్పీన్స్ సేఫ్టీ ఆఫీసరు, పాకిస్తానీ ఫోర్‌మన్ ఉన్న సైటులో పనిచేసే మనకు ఈ అనుమానం ఎట్లా ఉంటుందో తెలుసు. ఆయన మంచి చేయబోయినా ఆరేడు సంవత్సరాలు ఎవరూ నమ్మలేదు.

ముందుగా అనాథ పిల్లలను కొత్తగా తేవడం ఆపేశాడు. పదేళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోనన్నాడు. దొంగతనాల విషయంలో ఎవరినీ పోలీసులకు పట్టివ్వలేదు, ఒక్కరు కూడా ఒక్క గంట జైల్లో కూర్చోలేదని రాసుకున్నాడు. దానికి బదులు ఏ సరుకు ఎవరి చేతికి పోయి ఎవరి చేతి నుంచి వచ్చిందో ప్రతి దశలో లెక్క రాయించాడు. తీసే వీలు లేకుండా పోయేసరికి తీయడం తగ్గింది. మా స్టోర్లో కూడా ఇదే కిటుకు పనిచేసింది. డ్రిల్ బిట్లు పోతున్నాయని అందరి సంచులూ వెతికే రోజుల్లో ఇంకా ఎక్కువ పోయేవి. పేరు రాసి ఇచ్చి పేరు రాసి తీసుకోవడం మొదలుపెట్టాక సంచి ముట్టుకునే అవసరమే రాలేదు.

దుకాణం సంగతి. చుట్టుపక్కల చిల్లర దుకాణాల వాళ్లు నాసిరకం సరుకు అప్పు మీద ఎక్కువ ధరకు అమ్మేవారు. ఓవెన్ మంచి సరుకు టోకున కొని, కొన్న ధర మీద కొంచెమే వేసి కంపెనీ దుకాణంలో అమ్మించాడు. జనానికి ఇంటి ఖర్చులో పావు వంతు దాకా మిగిలిందని లెక్క చెప్పాడు. దుకాణం మీద వచ్చిన ఆ కొంచెం లాభం కూడా పిల్లల బడికి పోయేది. జీతంలో అరవయ్యో వంతు ప్రతి ఒక్కరి దగ్గరా తీసి ఒక నిధి పెట్టాడు. జబ్బు పడ్డవాళ్లకు, దెబ్బ తగిలినవాళ్లకు, ముసలివాళ్లకు అందులోంచి ఇచ్చేవారు. జబ్బు పడితే పైసలు ఆగవు అని తెలిస్తే మనిషి జ్వరం దాచుకోడు. ఇంత చిన్న విషయం మాకు అర్థం కావడానికి ఒక మనిషి స్లాబు మీద పడాల్సి వచ్చింది.

అన్నీ మెప్పు పొందలేదు. ఇళ్లు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడటానికి మనుషులను పెట్టి ఇంటింటికీ పంపాడు. ఆడవాళ్లకు మండిపోయింది. ఆ వచ్చేవాళ్లకు నల్లులు వేటాడేవాళ్లని పేరు పెట్టారు, కొందరు మొహం మీదే తలుపు వేశారు. నల్లుల బాధ మనకు తెలుసు, రూము చెకింగ్ బాధా తెలుసు. పెట్టెలు తెరిపించి, మంచాలు లేపించి, ఫొటోలు తీసే చెకింగు అయ్యాక ఎవరికైనా రూము బాగుందనిపిస్తుందా, మనమేదో తప్పు చేసినట్టనిపిస్తుందా? ఓవెన్ మనసు మంచిదే గానీ ఇక్కడ ఆడవాళ్లదే న్యాయమని మా అభిప్రాయం.

ఇక ఆయన పెట్టిన అన్నింట్లో ఎక్కువ చర్చ జరిగేది సైలెంట్ మానిటర్ గురించి. మాట్లాడని మేస్త్రీ అనుకోండి. రెండు అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు ఉన్న చెక్క ముక్క. నాలుగు పక్కలా నాలుగు రంగులు. ఒక్కో పనివాడి దగ్గర ఒకటి వేలాడేది. నిన్న పని బాగా లేకపోతే నలుపు పక్క ముందుకు, ఫరవాలేదంటే నీలం, బాగుంటే పసుపు, చాలా బాగుంటే తెలుపు. ఓవెన్ షెడ్డులోంచి నడుచుకుంటూ పోయేటప్పుడు చెక్కను చూసేవాడు, మనిషిని చూసేవాడు, ఏమీ అనేవాడు కాదు. ఏ రోజు ఏ రంగో రిజిస్టరులో ఎక్కించేవారు. తిట్టు లేదు, కొట్టు లేదు, జరిమానా లేదు. మొదట్లో అంతా నలుపే ఉండేదని, ఏళ్లు గడిచేకొద్దీ నీలాలు, ఆ తర్వాత పసుపులు పెరిగాయని, తెలుపులు కూడా కొన్ని వచ్చాయని రాశాడు. సూపర్‌వైజరు అన్యాయంగా రంగు తిప్పాడని ఎవరికైనా అనిపిస్తే, రిజిస్టరులో ఎక్కకముందే నేరుగా ఓవెన్ దగ్గరికి వచ్చి చెప్పుకోవచ్చు.

దీని మీద మా ముగ్గురికీ ఇప్పటిదాకా ఏకాభిప్రాయం లేదు. ఒకరు ఇది ఆ కాలపు సీసీ కెమెరా అంటారు. ఇంకొకరు, కొట్టే కాలంలో కొట్టకుండా చెక్క ముక్కతో నడిపించినవాడిని తప్పు పట్టలేం అంటారు. ఈ రాసేవాళ్లకు అనిపించేది ఏంటంటే, అందులో అసలైన ముక్క రంగు కాదు, పైకి పోయి చెప్పుకునే హక్కు. మన సైటులో ఫోర్‌మన్ మీద ఫిర్యాదు మళ్లీ ఆ ఫోర్‌మన్ చేతికే వస్తే ఎవరు నోరు తెరుస్తారు?

ఇన్ని చేసినా జనం పూర్తిగా నమ్మింది వేరే సందర్భంలో. 1806-07 ప్రాంతంలో అమెరికాకూ బ్రిటన్‌కూ గొడవ వచ్చి అమెరికా పత్తి రావడం ఆగిపోయింది. పత్తి ధర చుక్కలకెక్కింది. మిల్లుల వాళ్లు మిషన్లు ఆపి పనివాళ్లను ఇంటికి పంపడం మొదలుపెట్టారు. ఓవెన్ కూడా మిషన్లు ఆపాడు. మనుషులను మాత్రం పంపలేదు. నాలుగు నెలల పాటు మిషన్లు తుడిచి, నూనె పెట్టి, సిద్ధంగా ఉంచడమే వాళ్ల పని. జీతం పైసా తగ్గలేదు. ఆ నాలుగు నెలలకు 7,000 పౌండ్లకు పైగా ఖర్చయింది.

2020 మార్చి నుంచి ఇక్కడ ఉన్నవాళ్లకు ఈ పేరా చదివితే ఏమనిపిస్తుందో మేము చెప్పక్కర్లేదు. సైట్లు మూసిన నెలల్లో కొన్నిచోట్ల బేసిక్ ఇచ్చారు, కొన్నిచోట్ల తిండి డబ్బులిచ్చారు, కొన్నిచోట్ల విమానం టికెట్టు కూడా ఇవ్వలేదు. ఎవరు ఏమిచ్చారో ఎవరూ మర్చిపోలేదు. న్యూ లానార్క్ జనం కూడా మర్చిపోలేదు. ఆ నాలుగు నెలల తర్వాత ఆయన ఏం చెప్పినా చేయడానికి ముందుకొచ్చారు.

కష్టం ఇంకో పక్క నుంచి వచ్చింది. భాగస్వాములకు ఈ ఖర్చులు నచ్చలేదు. బడి కట్టడమేంటి, పాటలేంటి, ఆ డబ్బు లాభాల్లో పంచొచ్చు కదా అన్నారు. 1809లో వాళ్లకు 84,000 పౌండ్లిచ్చి పంపి కొత్త భాగస్వాములను తెచ్చుకున్నాడు. వాళ్లూ అంతే. 1813 చివర మిల్లు వేలానికి వచ్చింది. ఓవెన్ అప్పటికే లండన్ వెళ్లి, పెట్టుబడి మీద నూటికి ఐదుకు మించి వడ్డీ ఆశించని మనుషులను వెతికి పెట్టుకున్నాడు. అందులో జెరెమీ బెంథామ్ అనే పేరున్న తత్వవేత్త, విలియం అలెన్ అనే మందుల వ్యాపారి ఉన్నారు. వేలంలో పాట పెరిగి పెరిగి 1,14,100 పౌండ్ల దగ్గర ఓవెన్ వాళ్లకే ఖాయమైంది. ఆ వార్త తెలిసిన రాత్రి న్యూ లానార్క్‌లో కిటికీ కిటికీకీ దీపాలు పెట్టారు. ఆయన వచ్చే రోజు జనం ఎదురెళ్లి బండికి కట్టిన గుర్రాలను విప్పేసి, తామే లాక్కుంటూ ఊళ్లోకి తెచ్చారు. మా సర్వీసులో ఒక మేనేజరు తిరిగి వచ్చాడని దీపం పెట్టినవాళ్లను మేము చూడలేదు. వెళ్లిపోయాడని బిర్యానీ తెప్పించుకున్నవాళ్లను చూశాం.

కొత్త వాటాదార్లతో చేతులు విడిపోయాక 1816 జనవరి 1న పెద్ద బడి తెరిచాడు. నడక వచ్చిన పిల్లల నుంచి తీసుకునేవారు. ఏ పిల్లనూ కొట్టకూడదు, తిట్టకూడదు. చిన్నపిల్లలను పుస్తకాలతో విసిగించకుండా బొమ్మలు, జంతువుల పెద్ద పెద్ద చిత్రాలు, చుట్టూ ఉన్న వస్తువులు చూపించి చెప్పేవారు. పాటలు, డాన్సు నేర్పేవారు. తల్లులు నిశ్చింతగా పనిలో ఉండేవాళ్లు. సాయంత్రం అదే భవనంలో పెద్దవాళ్లకు చదువు, సంగీతం, డాన్సు. పన్నెండు గంటలు నిలబడ్డ మనిషి ఎగరలేడు కదా, అందుకని పని గంటలు కూడా తగ్గించాడు. 1816లో పార్లమెంటు కమిటీ ముందు సాక్ష్యం చెప్పేటప్పటికి న్యూ లానార్క్‌లో రోజు పని పదిముప్పావు గంటలు. మిగతాచోట్ల పదమూడు, పద్నాలుగు నడుస్తున్న కాలం అది.

పని దగ్గర సంతోషం అంటే మన దగ్గర పండగకు స్వీటు డబ్బా అనుకుంటారు. ఓవెన్ లెక్క వేరు. ముందు తిండి, పడక, జబ్బు సెలవు, పిల్లల సంగతి తేలాలి. ఆ తర్వాత మనిషి తనంతట తనే పాడతాడు. మా క్యాంపులో బతుకమ్మ నాడు, సంక్రాంతి నాడు ఎవరూ చెప్పకుండానే డప్పు బయటికొస్తుంది, కానీ జీతం ఆగిన నెలలో వచ్చిన పండగకు రాదు.

ఇవన్నీ చేసి ఆయన నష్టపోయాడా అంటే లేదు. లాభాలు బాగా వచ్చాయి. తన పుస్తకంలో ఒక భాగాన్ని ప్రత్యేకంగా ఫ్యాక్టరీల సూపరింటెండెంట్లకు, అంటే మనలాంటి వాళ్లకే రాశాడు. దాని సారం ఇది: ప్రాణం లేని మిషన్లను తుడిచి, నూనె పెట్టి, జాగ్రత్తగా చూసుకుంటే ఎంత లాభమో మీకు బాగా తెలుసు, మరి అంతకన్నా ఎంతో సున్నితమైన ప్రాణమున్న మిషన్ల మీద అంత శ్రద్ధ ఎందుకు పెట్టరు? ఇది చదివాక మేము మా సైటు ఫైళ్లు చూసుకున్నాం. టవర్ క్రేన్‌కు రోజువారీ చెక్‌లిస్టు ఉంది, నెలవారీ గ్రీజు లెక్క ఉంది. మనిషికి పొద్దున గేటు దగ్గర పంచ్ తప్ప ఏమీ లేదు. ఇప్పుడు మా టూల్‌బాక్స్ టాక్‌లో హెల్మెట్, బెల్టుకు ముందు ఒక్కొక్కరినీ రాత్రి నిద్ర పట్టిందా, ఒంట్లో ఎట్లుంది అని అడుగుతున్నాం. జబ్బు సెలవు రూలు తెలుగులో, హిందీలో రాసి క్యాబిన్ తలుపు మీద అంటించాం. మొదటి నెలలో నలుగురు క్లినిక్‌కు పోయారు. పని తగ్గుతుందని పైవాళ్లు గొణిగారు. స్లాబు తేదీకే పడింది.

పిల్లల పని మీద దేశమంతటికీ చట్టం రావాలని ఓవెన్ సొంత ఖర్చుతో తిరిగాడు. మిల్లు యజమానులు ఎదురుతిరిగారు, ఆయన మీద నిందలు పోగు చేయడానికి న్యూ లానార్క్ పక్కనున్న చర్చి ఫాదరు దాకా వెళ్లారు. చివరికి 1819లో వచ్చిన చట్టం నూలు మిల్లుల్లో తొమ్మిదేళ్లలోపు పిల్లల పనిని ఆపింది, పదహారు లోపు వాళ్లకు రోజుకు పన్నెండు గంటలు మించకూడదంది. ఓవెన్ అడిగినదానిలో ఇది సగం కూడా కాదు, పైగా చూసే ఇన్‌స్పెక్టర్లు లేరు. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని ఆపాలన్న రూలు ఉంది, చూడటానికి ఇన్‌స్పెక్టర్లూ ఉన్నారు. అది ఊరికే రాలేదు, ఎక్కడో ఎవరో ఎండకు పడితేనే ఇట్లాంటివి వస్తాయి.

ఆయనలో మాకు నచ్చనివి కూడా ఉన్నాయి. పనివాళ్లను ఎప్పుడూ పిల్లల్లాగే చూశాడు. వాళ్లకు ఏం కావాలో తనకే బాగా తెలుసనుకున్నాడు. మిల్లు నడిపే విషయంలో వాళ్ల మాట అడగలేదు. ఇంకొకటి, ఆ మిల్లులో వడికిన పత్తిలో చాలా భాగం అమెరికాలో బానిసలుగా ఉన్న నల్లజాతి మనుషులు ఏరిన పత్తి. న్యూ లానార్క్ పిల్లలు పాడే పాట వెనక ఆ చేతులు కూడా ఉన్నాయి.

తర్వాత కథ దిగుడు మెట్లే. 1817లో లండన్ సభలో మతాలన్నిటి మీదా గట్టిగా మాట్లాడి పెద్దవాళ్ల మద్దతు పోగొట్టుకున్నాడు. విలియం అలెన్‌కు బడిలో డాన్సు, పాటలు గిట్టలేదు, 1824లో వాటికి కోత పెట్టించాడు. ఓవెన్ విసిగిపోయి అమెరికా పోయి, 1825లో ఇండియానాలో న్యూ హార్మనీ అని ఒక ఊరినే కొన్నాడు, అందరూ సమానంగా బతికే ఊరు చేద్దామని. ఎవరొస్తే వాళ్లను చేర్చుకున్నారు, పని వచ్చినవాళ్లు తక్కువ, మాట్లాడేవాళ్లు ఎక్కువ. రెండేళ్లలో చెదిరిపోయింది, ఆయన ఆస్తిలో ఎక్కువ భాగం అందులోనే పోయింది. ఇంగ్లండ్ తిరిగొచ్చి 1834లో అన్ని పనుల వాళ్లనూ కలిపి పెద్ద యూనియన్ పెట్టిస్తే అది ఏడాది కూడా నిలవలేదు. అయితే ఆయన మాటలు విన్నవాళ్లు ఊరుకోలేదు. 1844లో రాచ్‌డేల్ అనే ఊళ్లో 28 మంది, ఎక్కువమంది నేతపని వంటివి చేసుకునే వాళ్లే, తలా కొంచెం వేసుకుని ఒక చిన్న దుకాణం తెరిచారు. లోకంలో సహకార సంఘాల వాళ్లు ఆ దుకాణాన్ని తమ మొదలని, ఓవెన్‌ను తమ పెద్దల్లో ఒకడని చెప్పుకుంటారు.

ఓవెన్ ముసలితనం దాకా తిరుగుతూనే, మాట్లాడుతూనే ఉన్నాడు. 1858లో లివర్‌పూల్ సభలో వేదిక మీదే నీరసించి పడిపోయాడు. కొంచెం కోలుకోగానే పుట్టిన ఊరికి పోతానన్నాడు. పదేళ్లప్పుడు వదిలిన న్యూటౌన్‌కు ఎనభై ఏడేళ్లప్పుడు చేరాడు. అక్కడ సొంత ఇల్లంటూ లేదు, పుట్టిన ఇంటి పక్కనే ఉన్న హోటల్లో దిగాడు. అక్కడే నవంబరు 17న పోయాడు, కొడుకు దగ్గరున్నాడు. ఊళ్లోని పాత చర్చి ఆవరణలో పూడ్చారు.

న్యూ లానార్క్ మిల్లులు 1968 దాకా నడిచాయి. ఇప్పుడు అది యునెస్కో గుర్తించిన స్థలం, 2001 నుంచి. ఆ ఫొటోలు మేము ఫోన్లో పెట్టుకున్నాం. మొన్న నాస్తా టైములో మా నిర్మల్ అన్నకు చూపించాం, ఇప్పుడు మళ్లీ మా గ్యాంగులోనే ఉన్నాడు. జలపాతం చూసి కుంటాల లాగుందన్నాడు. ఆ మిల్లు గోడలు చాలాసేపు చూసి, ఆ రోజుల్లో అన్ని అంతస్తుల రాతికట్టు లేపడానికి పరంజా దేంతో కట్టి ఉంటారని అడిగాడు. కట్టెతోనే అయ్యుంటుందని చెప్పాం. అయితే కార్పెంటర్లు మస్తుగా ఉండి ఉంటారని నవ్వుకుంటూ హెల్మెట్ పెట్టుకుని లేచాడు.